తీసేసి చూసే టీచర్‌గారు

నందిగామలో మా లెక్కల టీచర్‌గారు రిటైరయ్యాక లినక్స్ ప్యాకేజీలు కట్టేవారు. ఎవరో రాసి ఉచితంగా పంచిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను అందరి కంప్యూటర్లలోకీ సులువుగా ఎక్కేలా సర్దిపెట్టడం ఆ పని. నేను సాయం చేసేవాణ్ణి. ఎక్కితే చాలని నా తొందర. ఆవిడ మాత్రం ఎక్కించాక, మళ్ళీ తీసేసి, దాంతోపాటు మనవేమైనా పోతున్నాయేమో చూసేవారు.

"చుట్టం వెళ్తూ తన చాప తను మడిచిపెట్టాలి గానీ, మన దుప్పటి పట్టుకుపోకూడదబ్బాయ్" అనేవారు.

ఒకసారి ఆ పరీక్ష నాకప్పగించి వేదాద్రి వెళ్ళారు. నేను చేయకుండానే చేశానని చెప్పాను. అది నమ్మి ఆవిడ ప్యాకేజీని అందరికీ పంపేశారు. జగ్గయ్యపేటలో డీటీపీ చేసే ఒకాయన ఆ ప్యాకేజీ తీసేయగానే, టైపింగ్ కోసం ఏళ్ళ తరబడి తను చేర్చుకున్న పదాలన్నీ దాంతోపాటే చెరిగిపోయాయి. ప్యాకేజీ మీద ఉన్నది టీచర్‌గారి పేరే. నేరుగా ఆవిడ ఇంటికొచ్చాడు.

"ఏంటండీ ఇది? పంపేముందు చూసుకోరా?"

పక్కనే ఉన్న నేను, "పెద్దావిడ కదండీ, మర్చిపోయుంటారు" అన్నాను.

ఆవిడ నా వైపొకసారి చూశారు. "అవునండీ, మర్చిపోయా" అంటూ ఆయనకు కుర్చీ వేశారు.

టీచర్‌గారికి మతిమరుపని ఊళ్ళో ఇప్పటికీ అంటుంటారు. ఆవిడ ఏదీ మర్చిపోలేదు. ఆ మాట పుట్టించింది నేను.