ఎదురింటి బాబాయిగారు, అద్దెకొచ్చిన గ్రహాంతరవాసి

రాజమండ్రిలో మా ఎదురింటి బాబాయిగారు పోయిన వారం కాలం చేశారు. కబురు పిన్నిగారే ఫోన్ చేసి చెప్పారు. "పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా కుర్చీలో వెనక్కి వాలారమ్మా. అంతే. కాఫీ ఎలా ఉందో కూడా చెప్పలేదు చూడు" అన్నారు. అంత దుఃఖంలో ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే అది ఆ ఇంటి అలవాటు. కాఫీకి వంక పెట్టకుండా ఆయన గ్లాసు దించిన రోజు లేదు. నేను ఫోన్ పట్టుకుని ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

మీలో చాలామంది ఆయన ముఖం చూసి ఉండరు. కానీ తొంభైల్లో మన గోదావరి జిల్లాల్లో కంప్యూటరు సెంటర్ల చుట్టూ తిరిగినవాళ్లయితే ఆయన మాటలు చదివే ఉంటారు. పట్టిసీమ ఇసక తిన్నె మీద ఎగిరే పళ్లెం కూలిపోయి, అందులోంచి దిగిన ఆకుపచ్చ మనిషి అద్దె గది కోసం రాజమండ్రి వీధులన్నీ తిరుగుతాడే, ఆ కంప్యూటరు ఆట గుర్తుందా? ప్రోగ్రాము రాసింది నేను, బొమ్మలు గీసింది మా అన్నయ్య. అందులో మిమ్మల్ని నవ్వించిన ప్రతి మాటా బాబాయిగారిది.

అప్పట్లో నేనూ అన్నయ్యా రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక మేడ మీద కంప్యూటరు సెంటరు నడిపేవాళ్లం. ఎదురుగా బాబాయిగారి ఇల్లు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. అది పగటి వేషం అనేవారు. అసలు వేషాలు సాయంత్రాలవి. పద్యనాటకాల్లో హాస్యపాత్రలన్నీ ఆయనవే. రాజుగారి వంటవాడు, నిద్రపోయే ద్వారపాలకుడు, పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చిన్న గదిలో కూడా ఆఖరి వరసకి వినపడేలా మాట్లాడే గొంతు. ఆఫీసు నుంచి రాగానే మా మెట్లెక్కి, "ఏంటమ్మాయ్, మీ పెట్టె ఇవాళేమంటోంది?" అనేవారు. ఆ గొంతుకి కింద వీధిలో వెళ్లేవాళ్లు కూడా తలెత్తి చూసేవారు.

ఎవరో ఇచ్చిన ఫ్లాపీల్లో ఒక ఇంగ్లీషు ఆట చూసి నాకు పిచ్చెక్కింది. తుపాకులు లేవు, పరుగులు లేవు. అంతరిక్షంలో దారితప్పిన ఒక వెర్రిబాగులవాడు. మౌసుతో బొమ్మలో దేన్ని నొక్కితే అది ఏదో ఒక చమత్కారం చెబుతుంది, లేకపోతే చేతికొస్తుంది. పక్కన డిక్షనరీ పెట్టుకుని నవ్వేదాన్ని. ఇలాంటిది మన భాషలో, మన ఊళ్లో ఎందుకుండకూడదని అన్నయ్యని సాధించి, కథ అల్లి, మాటలు రాశాం. బాబాయిగారికి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"ఇదేంటమ్మాయ్, ఆటా? మా ఆఫీసు సర్క్యులరా?"

నాకు ఒళ్లు మండింది. "అయితే మీరే రాయండి బాబాయిగారూ" అన్నాను. ఆయన నిజంగానే కాగితాలు పట్టుకుపోయారు. వాటిలో గ్రహాంతరవాసి వెళ్లి ఇంటి ఓనరు తలుపు తట్టే సీను ఇలా తిరిగొచ్చింది:

"ఏ ఊరండీ మనది?"

"పాలపుంత అవతలండి."

"అవతలంటే? కొవ్వూరవతలా?"

"ఇంకా చాలా అవతలండి."

"అబ్బో! అయితే నిడదవోల్లో బండి మారుంటారే! పాపం, రండి, కాళ్లు కడుక్కోండి."

నేనూ అన్నయ్యా పొట్టలు పట్టుకున్నాం. ఆయన మాత్రం నవ్వలేదు. తన మాటకి తను ఎప్పుడూ నవ్వేవారు కాదు. పళ్లేనికి ఇంధనం అయిపోతే పనసపొట్టు కూరలో వేసే ఆవ పోసి, ఆ ఘాటుకి ఇంజను తుమ్మి స్టార్టయ్యేలా చెయ్యడం కూడా ఆయన ఊహే. "మా ఆవిడ ఆవ పెట్టిన రోజున నేనే ఎగిరిపోతానమ్మాయ్, పళ్లెం ఎంత?" అనేవారు. ఆయనకి ఆ ఆట ఎప్పుడూ ఆట కాదు, నాటకం. మాతో కూడా అలాగే అనిపించేవారు. ఒక్క కోరిక మాత్రం తీరలేదు. ఇంటి ఓనరు మాటల్ని తన గొంతుతో పెట్టమన్నారు. గొంతు ఫ్లాపీలో పట్టదండి అంటే, "నాది బక్క శరీరమే కదా, అదీ పట్టదా?" అని బోల్డంత బాధపడ్డారు. మాటలు అక్షరాలుగానే తెర మీద కనిపించేవి.

ఫ్లాపీలు మా దగ్గర నేర్చుకునేవాళ్లకి ఇచ్చాం. వాళ్లు చుట్టాలకిచ్చారు, చుట్టాలు స్నేహితులకిచ్చారు. అమలాపురం నుంచి, నరసాపురం నుంచి ఎవరెవరో వచ్చి "నిడదవోల్లో బండి మారుంటారే" అని పలకరించేవారు. బాబాయిగారికి ఆనందమే. కానీ ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఉన్నట్టుండి అన్నారు.

"నవ్వులు చాలా చూశానమ్మాయ్. వన్స్ మోర్ మాత్రం ఒక్కటీ పడలేదు."

పద్యనాటకాలు చూసినవాళ్లకి తెలుసు. రాజుగారు పద్యం తీసి రాగం ముగించగానే జనంలోంచి "వన్స్ మోర్!" అని కేక పడుతుంది, ఆయన అదే పద్యం మళ్లీ పాడతాడు. హాస్యగాడికి పద్యాలుండవు. ఆ కేకలు పడినంతసేపూ పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి.

"నవ్వులు చాలవా అండి?" అన్నాను.

"నవ్వు వేరు. నవ్వినవాడు ఇంటికెళ్లిపోతాడు. మళ్లీ కావాలన్నవాడే ఉండిపోతాడు. నాకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి పడాలని ఉందమ్మాయ్." గొంతులో వేళాకోళం లేదు. కాఫీ తెస్తానని లేచాను.

ఏళ్లు గడిచాయి. ఆయన రిటైరయ్యారు. నాటకాలు తగ్గిపోయాయి, పిలిచేవాళ్లూ తగ్గిపోయారు. కంప్యూటర్లు మారిపోయాయి. మా ఆట వాటి మీద నడవడం మానేసింది. ఆ రోజుల్లో మొగల్తూరు నుంచి ఒకమ్మాయి మా సెంటరు వెతుక్కుంటూ వచ్చింది. మత్స్యకారుల ఇంటి పిల్ల, చిన్నప్పుడు మా ఆట ఆడింది, ఇప్పుడు స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెబుతోంది.

"మా నాన్నకి చూపిద్దామని కొత్త కంప్యూటర్లో పెట్టానండి. ఆకుపచ్చాయన కనపడ్డాడో లేదో మాయమైపోయాడు. మాటలు చదివేలోపే పోతున్నాయండి. మళ్లీ తీసుకురాలేరా?" అంది.

అదే సమయానికి బాబాయిగారు మెట్లెక్కుతున్నారు. ఆ పిల్ల వెళ్లాక నన్ను అడిగారు. "ఏమంది ఆ అమ్మాయి? అన్న మాట అన్నట్టు చెప్పు."

"మళ్లీ కావాలందండి."

ఆయన చొక్కా చేతులు మడిచి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అయితే మొదలెట్టు" అన్నారు.

జబ్బు ఎక్కడుందో నాకు తెలుసు. పాత కంప్యూటర్లు నెమ్మది. ఒక మాట తెర మీద ఎంతసేపు నిలవాలో తేల్చడానికి కంప్యూటరు చేత ఊరికే అంకెలు లెక్కపెట్టించి, అది పూర్తయ్యాక తరవాతి మాటకి వెళ్లమనేవాళ్లం. అప్పట్లో అందరూ అలాగే రాసేవారు. కొత్త కంప్యూటరు ఆ లెక్కంతా రెప్పపాటులో చేసేస్తోంది. ఇప్పుడు లెక్క బదులు గడియారం పెట్టి, ఒక్కో మాటకీ ఒక్కో వ్యవధి ఇవ్వాలి. సరే, ఎంత ఇవ్వాలి?

అన్నయ్యకి ఆ గొడవే వద్దు. "అసలు మొత్తం మార్చేద్దామండి బాబాయిగారూ. కొత్త బొమ్మలు, పాటలు, సీడీలో బోలెడు చోటుంది, మీ గొంతు కూడా పెట్టేద్దాం" అన్నాడు. గొంతు అనగానే ఆయన ముఖంలో వెలుగు నేను చూశాను. చూశాను కాబట్టే చెబుతున్నాను, ఆయన కాదన్నది చిన్న విషయం కాదు.

"వద్దబ్బాయ్. ఆ పిల్ల పాతదే మళ్లీ అడిగింది. వన్స్ మోర్ అంటే రాజుగారు అదే పద్యం పాడాలి. వేరే పద్యం ఎత్తుకుంటే జనం ఊరుకుంటారా? అదే పాడాలి, కాకపోతే ఇందాకటికన్నా ఒళ్లు దగ్గరపెట్టుకుని పాడాలి."

అన్నయ్య అలిగాడు. రెండు రోజులు బొమ్మల జోలికి రాలేదు. మూడోనాడు పిన్నిగారు పంపిన పెసరట్లు తిని దారిలోకొచ్చాడు.

ఇక మా తిప్పలు చూడాలి. తెర మీద మాట పడగానే బాబాయిగారు దాన్ని పైకి చదివేవారు, అరచెయ్యి ఎత్తేవారు, నవ్వు దిగిందని తనకి అనిపించాక దించేవారు. నేను ఆ వ్యవధి రాసుకునేదాన్ని. నవ్వు పూర్తిగా దిగకముందే తరవాతి మాట వేస్తే రెండూ పాడవుతాయన్నది ఆయన సిద్ధాంతం. బాగానే ఉంది. కానీ ఆ లెక్కన నడిపి చూస్తే గ్రహాంతరవాసి ఒక్కో మాటకీ నిలబడి నిలబడి, కంప్యూటరు ఆగిపోయిందేమో అనిపించింది.

"బాబాయిగారూ, ఇది మైదానం నిండా జనం కాదండి. ఇంట్లో ముగ్గురో నలుగురో!" అని గట్టిగానే అరిచాను. ఆయన కూడా అరిచారు. ఎదురింట్లోంచి పిన్నిగారు "ఎవరైనా పడ్డారా?" అని కేకేశారు. చివరికి ఆవిడనే పైకి పిలిచి, మా దగ్గర నేర్చుకునే ఇద్దరమ్మాయిలని పక్కన కూర్చోబెట్టి ఆడించాం. ఆయన తెర చూడలేదు, వాళ్ల ముఖాలే చూశారు. మౌసు పట్టుకున్న అమ్మాయి మాటలు పైకి చదువుతోంది, పిన్నిగారు విని నవ్వుతున్నారు.

"పొరపాటు నాదేనమ్మాయ్" అన్నారు వెంటనే. "వినేవాళ్లని బట్టి కాదు, పక్కవాళ్లకి చదివి వినిపించేవాడిని బట్టి ఆగాలి. వాడికి ఊపిరందాలి, అంతే." ఆ మాట పట్టుకుని మొత్తం మళ్లీ చేశాం. నేను ఇప్పటికీ ఏ ప్రోగ్రాములో మాట పెట్టినా ముందు పైకి చదివి చూస్తాను. అది ఆయన పెట్టిన అలవాటు, ఆయనకి చెప్పాను కూడా. "ఫీజు కట్టలేదు కదా, అందుకే ఒంటబట్టింది" అన్నారు.

సీడీలు తయారయ్యాక, పంచే ముందు అందరికీ ఒకసారి చూపిద్దామని మా వీధి చివరి స్కూలు హాలు ఆదివారం సాయంత్రానికి అడిగి తీసుకున్నాం. ప్రొజెక్టరు తెచ్చి, గోడకి తెల్ల దుప్పటి కట్టాం. పదిమంది వస్తే చాలనుకుంటే కుర్చీలు చాలక కిటికీల్లో ఎక్కి కూర్చున్నారు. ఉద్యోగాల్లో చేరినవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లు. మొగల్తూరు అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. బాబాయిగారు ముందు వరసలో పిన్నిగారి పక్కన బిగుసుకుపోయి కూర్చున్నారు. ఎన్నో వేషాలు కట్టిన మనిషి, ఆ రోజు మంచినీళ్లు మూడుసార్లు అడిగారు.

నేను మౌసు పట్టుకున్నాను. ఆకుపచ్చ మనిషి నింపాదిగా నడిచి వచ్చి ఓనరు తలుపు తట్టాడు. మాటలు ఒక్కొక్కటే పడ్డాయి. మొగల్తూరు అమ్మాయి తండ్రికి చదివి వినిపిస్తోంది. నిడదవోలు మాట రాగానే హాలు హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా దిగకముందే వెనక నుంచి, సముద్రం మీద పక్క పడవకి వినపడేలా అరవడం అలవాటైన గొంతు ఒకటి లేచింది.

"వన్స్ మోర్!"

ఆ అమ్మాయి తండ్రి. కుర్రాళ్లలో కొందరు అదేమిటో తెలియక వెనక్కి తిరిగి చూశారు. ఆయన మళ్లీ అరిచాడు. ఈసారి కిటికీల్లోవాళ్లు అందుకున్నారు.

ఒకసారి జరిగిన సంభాషణ మళ్లీ రాదు, ఆట అలాగే రాశాను. కంగారులో ఓనరుని మళ్లీ నొక్కితే "చెప్పులు బయటే వదిలారు కదా?" అన్నాడు. జనం నవ్వారు కానీ కేక ఆపలేదు.

బాబాయిగారు లేచారు. తనే వెళ్లి తెర ముందు, ప్రొజెక్టరు వెలుగులో నిలబడ్డారు. చొక్కా సర్దుకున్నారు. ఇన్నేళ్లూ కళ్లతో చదువుకున్న మాటని జనం ఆయన గొంతుతో మొదటిసారి విన్నారు.

"ఏ ఊరండీ మనది?"

హాలంతా ఒక్క గొంతై బదులిచ్చింది: "పాలపుంత అవతలండి!"

ఆయన అడుగుతున్నారు, జనం చెబుతున్నారు. నిడదవోల్లో బండి మార్చి, పాపం అని జాలిపడి, కాళ్లు కడుక్కోమన్నారు. పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. పిన్నిగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటున్నారు. వెనక నుంచి మళ్లీ వన్స్ మోర్.

"ఉండండర్రా" అన్నారు బాబాయిగారు. "ఇంకా మొదటిదే నాకు ఒంటికి పట్టలేదు."

వెలుగు కళ్లలో పడుతున్నా పక్కకి జరగలేదు. ఓనరు ఇల్లు, మెట్లు, అరుగు అన్నీ ఆయన తెల్ల చొక్కా మీద పడుతున్నాయి. నా చేతిలో మౌసు ఉంది. తెర మీది బాణం గుర్తు ఆయన జేబు మీదకొచ్చి ఆగింది. ఒక్కసారి నొక్కితే ఆట ముందుకు సాగిపోతుంది. నేను నొక్కలేదు.