నురగక్క చేతులు

మా మరిదిది హెయిర్ సెలూన్, నాది మందుల షాపు. రెండింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు అవతల అమ్మే షాంపూ సీసా ఖరీదు, ఇవతల నేనమ్మే సీసాకు ఎనిమిది రెట్లు. పదిహేడేళ్ళుగా మా ఇంట్లో అన్నాల దగ్గర గొడవంతా దీని గురించే.

"వదినమ్మేది గచ్చు కడుక్కునే సరుకు" అంటాడు మరిది.

"నువ్వమ్మేది పైన పటారం, లోన లొటారం" అంటాను నేను.

మా ఆయన తలెత్తకుండా తింటూ ఉంటాడు. ఇంటిల్లిపాదిలో ఒత్తయిన జుట్టు ఆయనదే. ముప్పై ఏళ్ళుగా ఆయన తలకు రుద్దుకుంటున్నది ఒంటి సబ్బు. ఆ సంగతి మాత్రం నేనూ ఎత్తను, మరిదీ ఎత్తడు. ఎత్తితే ఇద్దరి వ్యాపారాలూ దెబ్బతింటాయి.

నేను చెప్పదలచుకున్నది మా గొడవ గురించి కాదు. దాని మధ్య నలిగిపోయిన నురగక్క గురించి. వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. అయినా వీధి వీధంతా అక్కా అంటుంటే నాకూ అదే అలవాటైపోయింది. మరిది నన్ను వదినా అంటాడు కాబట్టి, తనకూ నేను వదినగారినే. నేను మరిదీ అంటాను కాబట్టి, తనకూ అతను మరిదిగారే.

సెలూన్‌లో కింద పడ్డ జుట్టు ఊడ్చడానికి చేరింది నురగక్క. ఒకరోజు జనం కిటకిటలాడుతుంటే మరిది దువ్వెన నోట్లో పెట్టుకునే, "కాస్త ఆవిడకి తల కడిగి పెట్టు" అన్నాడట. ఊడ్చే చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, బేసిన్ దగ్గర నిలబడింది. అయిదు నిమిషాల్లో ఆవిడ నిద్రపోయింది. మామూలు నిద్ర కాదు, గురక. మరునాడు ఆవిడే తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి, "నిన్న నురగ పెట్టిన అక్క ఏదీ?" అని అడిగింది. ఆ పేరే స్థిరపడిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ సెలూన్‌కు సగంమంది కత్తెర కోసం వస్తే, సగంమంది బేసిన్ కోసం వస్తారు. ఈ మాట మరిది దగ్గర అంటే ఉడుక్కుంటాడు కాని కాదనడు.

తల మీద వేళ్ళు పెడితే చాలు, ఆమెకు లోపలి సంగతులు తెలిసిపోతాయి. ఒక లెక్చరరమ్మకు చెవి వెనక శనగగింజంత గడ్డ ఉందని మొదట కనిపెట్టింది నురగక్కే. "డాక్టరుకి చూపించుకోండమ్మా, రేపూ మాపూ అనకండి" అని రెండుసార్లు చెప్పి పంపించింది. ఆవిడ చూపించుకుంది, తీయించుకుంది, ఈనాటికీ ఎక్కడికెళ్ళినా నురగక్క పేరే చెబుతుంది. మా ఇద్దరి సరుకు గురించి కూడా సరైన తీర్పు చెప్పింది ఆమె ఒక్కతే. "మరిదిగారిది చిక్కన, గోరంత చాలు. మీది పల్చన, దోసెడు కావాలి. రంగేసుకున్న జుట్టుకైతే తేడా తెలుస్తుంది. మామూలు జుట్టుకి సీసా మీద ఏముందో ఏం తెలుస్తుంది వదినగారూ, దానికేమన్నా చదువొచ్చా?" అనేది.

పోయినేడు ఆమె చేతులు చెడిపోవడం మొదలుపెట్టాయి.

ముందు వేళ్ళ సందుల్లో ఎర్రగా దురద. తర్వాత కణుపుల దగ్గర చర్మం పగిలి, నురగ తగిలితే మంట. పగుళ్ళకు ప్లాస్టర్ ముక్కలు అంటించుకుని పని చేసేది. నీళ్ళలో అవి ఊడిపోయేవి. మళ్ళీ అంటించుకునేది. నా దగ్గరికి పూతమందు కోసం వచ్చినప్పుడు, మందుతోపాటు నేనే ఒక షాంపూ సీసా ఆమె చేతిలో పెట్టాను. 'సున్నితమైన చర్మానికి' అని ముందువైపు పెద్దక్షరాలతో రాసి ఉంది. పక్కన ఒక తెల్లటి ఈక బొమ్మ.

"ఇంటి దగ్గర తలకీ చేతులకీ ఇదే వాడు. ఆ సెలూన్ సరుకు విషమంతా ఇది విరిచేస్తుంది" అన్నాను. అంత గట్టిగా చెప్పాను. నెలల తరబడి ఆ సీసాలే వాడింది.

తగ్గలేదు. మరిది గ్లౌజులు తెచ్చిచ్చాడు. వాటితో రెండు రోజులు కడిగి, "గోడ రుద్దుతున్నట్టుందండీ, వేళ్ళకేమీ తెలీట్లేదు" అని తీసేసింది. చివరికి మరిది ఆమెను కూర్చోబెట్టి, "మూడు నెలలు చూద్దాం అక్కా. మానకపోతే నువ్వు ముందు టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్లెత్తు. బేసిన్‌కి ఇంకో అమ్మాయిని చూస్తా" అన్నాడు. జీతం తగ్గించనని కూడా అన్నాడు. మంచికే అన్నాడు, అందులో అబద్ధం లేదు.

ఆ మధ్యాహ్నం నా షాపులో స్టూలు మీద కూర్చుని నురగక్క ఏడ్చింది. "నాకు వచ్చిందల్లా ఇదొక్కటే వదినగారూ. అది కూడా ఇంకొకళ్ళు చేస్తుంటే ఎదురుగా కూర్చుని ఫోన్లెత్తాలా?"

నేను గోడవైపు తిరిగి మరిదిని కేకేశాను. నీ సరుకు వల్లేనన్నాను. కాదు, ఇంట్లో వాడే నీ సరుకు వల్లేనన్నాడు. ఇద్దరం గుమ్మంలో నిలబడి అరుచుకుంటుంటే నురగక్క కళ్ళు తుడుచుకుని లేచింది.

"మీ ఇద్దరికీ చెరో చెయ్యి ఇస్తాను, తేల్చుకోండి" అంది.

అన్నంత పనీ చేసింది. సెలూన్‌లో కుడిచేతికి గ్లౌజు, ఎడమ చెయ్యి ఉత్తది. ఇంటికెళ్ళాక తారుమారు. అంటే ఎడమ చెయ్యి మరిదిది, కుడి చెయ్యి నాది. ఒక చేత్తో రుద్ది, గ్లౌజున్న చేత్తో తల పట్టుకుని కడిగేది. పని రెట్టింపయింది. నెల రోజులు రోజూ పొద్దున్నే షట్టర్లు తీయగానే నేనూ మరిదీ ఆమె చేతులు చెరొకటి పట్టుకుని చూసేవాళ్ళం, బడిపిల్లల గోళ్ళు చూసే పంతుళ్ళలాగా. "నా చెయ్యి కాస్త నయం" అని నేను. "ఏం కాదు, నాదే నయం" అని అతను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది. ఆ చేతులు ఒక మనిషివని ఇద్దరం మర్చిపోయాం.

నెల తిరిగేసరికి రెండు చేతులూ ఒక్కలాగే పగిలాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మేమిద్దరం ఓడిపోయాం.

మరునాడు షాపు మూసి ఆమెను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ పని ఏడాది కిందటే చెయ్యాల్సింది. మందులమ్మేదాన్ని కదా, నాకు తెలియని జబ్బుంటుందా అన్న పొగరు. డాక్టరమ్మ నురగక్క వీపు మీద చిన్నచిన్న పట్టీలు వరసగా అంటించింది. ఒక్కో పట్టీలో ఒక్కో పదార్థం. రెండు రోజులు వాటి మీద నీళ్ళు పడకూడదంది. "రోజుకి పాతిక తలలు తడిపేదాన్ని, నా ఒళ్ళు నేను తడుపుకోకూడదట, చూశారా" అని దారిపొడుగునా నవ్వింది నురగక్క. నాకు నవ్వు రాలేదు.

పట్టీలు తీశాక చూస్తే ఒక్కచోట మాత్రం ఎర్రగా కందింది. డాక్టరమ్మ ఆ పదార్థం పేరు చీటీ మీద రాసిచ్చింది. మిథైల్ ఐసోథయాజోలినోన్. సీసాలోని సరుకు చెడిపోకుండా కలుపుతారట. అందరికీ ఏమీ చెయ్యదు. పడనివాళ్ళకు మాత్రం ఇక ఎప్పటికీ పడదు.

"అయితే పని మానెయ్యాలా అమ్మా?" అని అడిగింది నురగక్క.

"ఇది లేని సరుకుతో చేసుకోవచ్చు. చేతులు పూర్తిగా మానేదాకా గ్లౌజులు తియ్యొద్దు" అంది డాక్టరమ్మ.

మరిది పెట్టిన గడువుకు అప్పటికి ఇంకా ఏడు వారాలుంది.

షాపుకొచ్చి చీటీ కౌంటరు మీద పరిచాం. ఆ పేరు చదవడానికి కళ్ళజోడు పెట్టుకుని కూడా నేను రెండుచోట్ల తడబడ్డాను. నురగక్క చదివే ప్రయత్నమే చెయ్యలేదు. "ఇదో రైలుబండి వదినగారూ. ముందు ఇంజనూ వెనకాల పెట్టే కలిస్తే అదే బండి" అంటూ చీటీ పట్టుకెళ్ళి సెలూన్‌లో బేసిన్ దగ్గరుండే సీసా తెచ్చింది. వెనకవైపు చీమతలకాయలంత అక్షరాల మీద చీటీని జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపింది. ఉంది. 'చూశావా మరిదీ!' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

నురగక్క సంచిలోంచి ఇంకో సీసా తీసింది. ఇంట్లో వాడేది, తెల్లటి ఈక బొమ్మది, నేనిచ్చినది. చీటీ దాని వెనక ఆనించి జరిపింది. కింది నుంచి నాలుగో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. సీసా నావైపు తిప్పింది.

అదే పేరు. పక్కవాడి కొట్లో విషముందని పదిహేడేళ్ళు అరిచాను. నా కొట్లోది, నా చేత్తో, మందని చెప్పి ఇచ్చాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పెద్ద పిడికిలి నాదే.

"నేనే ఇచ్చానే నీకు. బలవంతంగా ఇచ్చాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు ముందువైపు చూసి ఇచ్చారు" అంది. "అందరం ముందువైపే చూస్తాం వదినగారూ. ఇవాళ్టినించీ వెనకవైపు చూద్దాం. మీకు కళ్ళజోడుంది, నాకు చీటీ ఉంది, మొదలెడదామా?"

మూడు మధ్యాహ్నాలు అదే పని. బేరాల్లేని వేళ చూసి, నా అలమరల్లోవీ మరిది బీరువాలోవీ కలిపి నలభై ఒక్క సీసాలు కౌంటరెక్కించాం. రైలుబండి ఉన్నవి ఒక వరస, లేనివి ఒక వరస. అన్నింటికంటే ఖరీదైనది ఉన్నవాటిలోకి పోయింది, దాని తర్వాతది లేనివాటిలోకి వచ్చింది. నా షాపులో ఎవరూ పట్టించుకోని చవక సీసా లేనివాటిలో నిలబడింది, దాని పక్కదే మళ్ళీ అటు పోయింది. ఖరీదుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. గిన్నెల సబ్బూ, చేతుల సబ్బూ కూడా వదల్లేదు నురగక్క. రెండో రోజు మరిది వచ్చి తలుపు దగ్గర నిలబడి చూశాడు. తన సీసా గురించీ నా సీసా గురించీ కూడా విన్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని, తనూ ఒక సీసా వెనక్కి తిప్పాడు.

అయితే బేసిన్ దగ్గర సీసా మార్చమంటే మాత్రం తటపటాయించాడు. "ఆ వాసన కోసమే వస్తారు వదినా. బ్యాంకు మేనేజరమ్మకైతే తలుపు తియ్యగానే ఆ వాసన తగలాలి. మారిస్తే ఊరుకోదు" అన్నాడు. అతని భయం అతనిది. సెలూన్ సాగకపోతే నురగక్కకు మాత్రం బేసిన్ ఎక్కడిది?

"ఒక్క వారం చెప్పకుండా మార్చి చూడండి మరిదిగారూ. ఒక్కరు అడిగినా పాతదే పెట్టేద్దాం, నేను టేబుల్ దగ్గర కూర్చుంటాను" అంది నురగక్క. తన బతుకుతెరువును అంత తేలిగ్గా పందెం కాసేసింది.

ఆ వారమంతా నాకు మందుచీటీల మీద ధ్యాస లేదు. చెవులు గోడకే అంటుకుపోయాయి. గురువారం బ్యాంకు మేనేజరమ్మ వచ్చింది. గ్లౌజుల చేతులతోనే కడిగింది నురగక్క. ఆవిడ లేచి, తువ్వాలు చుట్టుకుని, జుట్టు వాసన చూసుకుని, "ఏమయ్యా, ఇవాళ మంచి సరుకు కాస్త ఎక్కువ పోయించినట్టున్నావే!" అంది. గోడకు ఇవతల నేను నోట్లో పైటచెంగు కుక్కుకున్నాను. ఆ రోజే మరిది బేసిన్ దగ్గర సీసాలన్నీ తన చేత్తో ఖాళీ చేసి కడిగాడు.

చర్మం తొందరపడలేదు. ఒక పగులు మూసుకుంటే ఇంకోటి విచ్చుకునేది. అయినా ఒక్కో వారం ఒక్కో ప్లాస్టర్ తగ్గింది. గడువు ఇంకో మూడు రోజులుందనగా డాక్టరమ్మ చేతులు చూసి, గ్లౌజులు తీసెయ్యమంది.

నురగక్క నేరుగా నా షాపుకొచ్చింది. రెండు చేతులూ కౌంటరు మీద పెట్టింది. మచ్చలున్నాయి, పగుళ్ళు లేవు. నేను వాటిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, "పదండి, మొదటి తల మీదే" అంది.

"నాకా? బేరాలొచ్చే వేళ..."

"షట్టర్ సగం దించండి."

కుర్చీలో వెనక్కి వాలాను. మెడ కింద బేసిన్ చల్లగా తగిలింది. ముందు నీళ్ళు మోచేతి మీద పోసుకుని వేడి చూసుకుంది, తర్వాత నా తల మీద పోసింది. ఉత్త చేతులు. పది వేళ్ళూ నుదుటి నుంచి నెమ్మదిగా వెనక్కి వెళ్ళాయి. ఒక్కో వేలూ ఎక్కడుందో నాకు తెలుస్తోంది. మాట్లాడాలని చాలా అనుకుని వచ్చాను. "నా వల్ల నీ చేతులు..." అని మొదలుపెట్టాను.

వేళ్ళు ఆగాయి.

"తెలుస్తోంది వదినగారూ" అంది.

"ఏం తెలుస్తోంది?"

"అన్నీ. నీళ్ళ వేడి తెలుస్తోంది. మీ జుట్టు తెలుస్తోంది. కణతల దగ్గర అదురుతోంది, అదీ తెలుస్తోంది." వేళ్ళు మళ్ళీ కదిలాయి. "ఏడవకండి. నురగ కళ్ళల్లో పడుతుంది."