చెయ్యని నాలుగు ఫోన్లు

పదకొండేళ్ళుగా నా మీద నాలుగు కాగితాల బరువు ఉంది. కాగితాలకు బరువేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నాలుగే కదా, ఫైల్లో చేరాయి, ఫైలు బీరువాలో చేరింది, తాళం పడింది, ఇక అయిపోయిందనుకున్నాను. కానీ గురువారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇప్పటికీ నా చెయ్యి ఒక్కసారి ఆగుతుంది. క్లాసులో ఉంటే సుద్దముక్క ఆగుతుంది, ఇంట్లో ఉంటే గరిటె ఆగుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను. పేరు అడగకండి. మనుషులు తమ ప్రాణం తామే తీసుకోవాలని ఎందుకనుకుంటారు, అలాంటి వాళ్ళను ఎలా నిలుపుకోవచ్చు అన్నది నా చదువు. ఆ చదువే నాకు అన్నం పెడుతోంది. పిల్లలు నన్ను మంచి మేడమ్ అంటారు, ఓపిగ్గా వింటారని అంటారు. వినడం గురించి నన్ను మెచ్చుకుంటే ఎలా ఉంటుందో ఇది చదివాక మీకే అర్థమవుతుంది.

అప్పట్లో నేను పరిశోధక విద్యార్థిని. కొన్ని దేశాలు కలిసి చేస్తున్న ఒక పరిశోధనలో మాదీ ఒక కేంద్రం. తార్నాకలో ఒక ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని మా ఆఫీసు పెట్టారు. పని చిన్నదే. ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రిలో బతికి బయటపడ్డవాళ్ళు ఇంటికి వెళ్ళాక, వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకు మేము ఫోన్ చెయ్యాలి. ఎలా ఉన్నారు? నిద్ర పడుతోందా? మందులు వేసుకుంటున్నారా? చివరిగా, చనిపోవాలన్న ఆలోచన మళ్ళీ వచ్చిందా? నాలుగే ప్రశ్నలు. ఫోన్ పెట్టేశాక ఒక కాగితం నింపాలి. ఏ దేశంలోనైనా అదే కాగితం, అవే ప్రశ్నలు. ఎవరో ఒకరు మరిచిపోకుండా పలకరిస్తూ ఉంటే మనిషి నిలబడతాడా అన్నదే తెలుసుకోవాలి.

చివరి ప్రశ్నకు అవునంటే మాత్రం పని పెద్దదవుతుంది. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, ఇంటివాళ్ళతో మాట్లాడాలి, మేమే వెళ్ళి మనిషిని చూసి రావాలి. జవాబు చెప్పకుండా ఊరుకున్నా అవునన్నట్టే అనుకోవాలని మాకు నేర్పారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది ఒట్టి భయం. అడిగితే మనిషికి ఊపిరి ఆడుతుంది. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకు నేను మొదట చెప్పే పాఠం ఇదే. చెప్పేటప్పుడు నా గొంతు ఎంత బాగుంటుందో!

ఆయన్ని ఇక్కడ రాజరత్నం గారు అంటాను. అసలు పేరు అది కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆయన ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా, భార్య స్కూలు టీచరు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. గురువారం మూడింటికి ఆయన వంతు. ఆ వేళకు టీచరుగారు స్కూల్లో ఉంటారు.

మొదటి రింగుకే ఎత్తేవారు. "టైమంటే టైమేనండీ మీరు, మేడం గారూ," అని నవ్వేవారు. గుమాస్తా పద్ధతి కదా, నాకు చెప్పాల్సినవన్నీ ముందే ఒక చీటీ మీద రాసి పెట్టుకునేవారు. ఒకటి, రెండిడ్లీలు తిన్నాను. రెండు, మేడ మీదికెళ్ళి కాసేపు నడిచాను. మూడు, నిద్ర పర్వాలేదు. నాకు నవ్వొచ్చేది. మాట్లాడాలనిపిస్తే మధ్యలోనైనా ఒక్క రింగు ఇచ్చి కట్ చెయ్యండి, మేమే చేస్తాం అని ఆయనకు చెప్పింది నేనే. అప్పట్లో అందరం మిస్డ్ కాల్ మీదే బతికేవాళ్ళం.

తొమ్మిదో గురువారం చీటీ లేదు. నిద్ర గురించి అడిగితే 'ఆఁ' అన్నారు. మందుల గురించి అడిగితే 'ఆఁ' అన్నారు. చివరి ప్రశ్న అడిగాను. ఆయన మాట్లాడలేదు. వాళ్ళ వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ కేక వేయడం నాకు ఫోన్లో వినిపించింది. ఆ బండి దూరమయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

"ఇవాళొద్దులెండి మేడం గారూ. వచ్చే గురువారం చెబుతాను," అన్నారు.

సరేనండీ అన్నాను.

ఎందుకన్నాను? ఇప్పుడే చెప్పండి, నేను వింటున్నాను అనడానికి ఎంతసేపు? నేర్పారు కదా. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను కదా. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. చెప్పలేదు. ఆ కాగితంలో చివరి గడి ఖాళీగా వదిలేశాను. ఆయనే చెబుతానన్నారుగా, వచ్చే వారం చెప్పాకే రాద్దాం అనుకున్నాను.

వచ్చే గురువారం వచ్చింది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. మూడైంది. మూడుంపావైంది. కిందికి వెళ్ళి టీ తాగాను. థీసిస్ అధ్యాయం ఇవ్వాల్సిన వారమని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ కారణం అది కాదు. భయం. ఆయన చెబుతానన్నది చెప్పేస్తే అది నా చేతుల్లో పడుతుంది. దాన్ని ఏం చెయ్యాలో కాగితం మీద నాకు తెలుసు, నిజంగా తెలియదు. వినకపోతే లేనట్టే కదా అని మనసులో ఎక్కడో అనుకున్నాను. ఇంత చదువుకున్న మనిషిని, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు కూర్చున్నాను.

రెండో గురువారం మూడుంపావుకి ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది. ఆయన నంబరే. తెర మీద వెలుగు ఆరిపోయేదాకా చూస్తూ ఉన్నాను. మళ్ళీ మోగుతుందేమో, మోగితే ఎత్తుదాం అనుకున్నాను. అది మోగదని నాకు తెలుసు. ఒక్క రింగే ఇవ్వమని చెప్పింది నేనే.

ఆ తర్వాత రెండు వారాలు చెయ్యకపోవడానికి పెద్ద కష్టపడలేదు. మొదటి వారం ఎందుకు చెయ్యలేదని అడిగితే ఏం చెప్పాలన్న సిగ్గుతో రెండో వారం, రెండో వారం సిగ్గుతో మూడో వారం, అలా ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. వారాసిగూడలో మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని చేత్తో కలుపుతూనే ఉంటే మా అమ్మ అడిగింది, "ఏందే, గట్లున్నవ్? పానం బాగలేదా?" అని. "ఏం లేదమ్మా, జర పని ఎక్కువున్నది," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అడిగినవాళ్ళకు ఏం లేదని చెప్పడం ఎంత తేలికో నాకు ఆ రోజే తెలిసి ఉండాల్సింది.

నాలుగో గురువారం దాటిన సోమవారం, పెద్ద ఆఫీసు నుంచి కాగితాలు తనిఖీ చేసేవాళ్ళు వస్తున్నారన్నారు. ఆ మధ్యాహ్నం కూర్చుని నాలుగు కాగితాలూ ఒక్కసారే నింపాను. ఎంతసేపు మాట్లాడాను అన్నచోట ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు, ఐదు, ఆరు. నిద్ర పడుతోంది. మందులు వేసుకుంటున్నారు. చివరి ప్రశ్నకు జవాబు, 'లేదు'. ఆయన ఏమన్నారు అన్నచోట నాలుగుసార్లూ ఒకే ముక్క: బాగున్నాను. తొమ్మిదో గురువారం వదిలేసిన ఖాళీ గడిలో కూడా 'లేదు' అని రాసేశాను. వచ్చినవాళ్ళు తిరగేసి చూసి, మా కేంద్రంలో అందరికంటే నావే శుభ్రంగా ఉన్నాయన్నారు.

వాళ్ళు బుధవారం వెళ్ళిపోయారు. గురువారం మూడింటికి ఫోన్ చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అప్పటికి నాకు తెలియదు. చాలాసేపు మోగింది. ఎత్తింది ఎవరో ఆడమనిషి, గొంతు బొంగురుపోయి ఉంది. రాజరత్నం గారు మంగళవారం పోయారంది.

క్రైస్తవుల్లో ఆదరణ కూటం అని ఉంటుంది. మనిషి పోయిన ఇంటివాళ్ళను ఓదార్చడానికి అందరూ చేరి పాటలు పాడి ప్రార్థన చేస్తారు, పాస్టరు గారు వాక్యం చెబుతారు, పోయినవారిని ఎరిగినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెబుతారు. టీచరుగారు ఆఫీసుకు కబురు పంపితే వెళ్ళక తప్పలేదు. ఎలా పోయారన్న మాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. నేను గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. టీచరుగారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా అమ్మా? ప్రతి గురువారం ఫోన్ చేసింది మీరేనా?"

నేను తల ఊపాను.

"చెప్పేవారమ్మా. నేను స్కూలు నించి రాగానే, మేడం గారు చేశారా అని అడిగితే, చేశారు అనేవారు. ఏం అడిగారండీ అంటే, ఎలా ఉన్నారని అడిగారు, బాగున్నానన్నాను అనేవారు. మొన్న గురువారం కూడా అదే చెప్పారమ్మా."

మొన్న గురువారం. అది నేను చెయ్యని నాలుగో ఫోను.

ఆమె ఇంకా చెబుతోంది. "మీరు అడుగుతున్నారు కదాని నేను మళ్ళీ అడిగేదాన్ని కాదమ్మా. ఊరికే అదే అడిగి విసిగించడం దేనికిలే అనుకున్నాను. పోయేదాకా ఒక మనిషి ఆయన్ని విడవకుండా అడిగింది. నాకు అదొక్కటే ఆదరణ."

ఆమె నన్ను ముందుకు తీసుకెళ్ళింది. పాస్టరు గారు రెండు మాటలు చెప్పమన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను. "ఆయనతో వారం వారం మాట్లాడేదాన్ని. చాలా మంచి మనిషి," అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

ఆయన ఆమెకు ఎందుకలా చెప్పారు? నన్ను కాపాడటానికా? ఫోన్ చేసే మనిషి కూడా తనను మరిచిపోయిందని భార్యకు చెప్పుకోలేకా? ఆమె అడగకుండా ఉండటానికా? పదకొండేళ్ళుగా తిప్పి తిప్పి అడుగుతున్నాను. నా కాగితాల్లో నేను ఏ మాట రాశానో ఆయన ఇంట్లో అదే మాట చెప్పారు. ఇద్దరం ఒకరికొకరం తెలియకుండా ఒకే అబద్ధం ఆడాం. ఆ అబద్ధం నమ్మి ఆమె అడగడం మానేసింది.

ఆత్మహత్యకు ఒక్క కారణం ఉండదని నేను క్లాసులో చెబుతాను. అది నిజం. నేను ఫోన్ చేసి ఉంటే ఆయన ఉండేవారని ఎవరూ చెప్పలేరు. అదీ నిజమే. ఈ రెండు నిజాలనూ దుప్పటి కప్పుకున్నట్టు కప్పుకుని ఇన్నేళ్ళు పడుకున్నాను. కానీ ఆయన చెబుతానన్నారు. చెప్పడానికి ఒక రోజు పెట్టుకున్నారు. మీ ఇంట్లో ఎవరైనా అలా మాట మధ్యలో ఆగితే, దయచేసి వచ్చే వారం దాకా ఆగకండి.

అక్కడితో అయినా ఆగిందా? పరిశోధన ముగిసినప్పుడు రాజరత్నం గారు ఏ జాబితాలో చేరారో తెలుసా? ఒక్క వారం కూడా తప్పకుండా ఫోన్ అందుకున్నవాళ్ళ జాబితాలో. అసలే మా కేంద్రంలో చేరింది కొద్దిమంది, అన్ని ఫోన్లు చేసినా ఈయన పోయారుగా, ఇక్కడ ఈ పద్ధతి పెద్దగా పనికొచ్చేట్టు లేదన్నారు మా కేంద్రం చివరి సమావేశంలో. ఆ ఫోన్లు తామే కొనసాగించాలనుకున్న ఆసుపత్రివాళ్ళు మానుకున్నారు. నేను అక్కడే, రెండో వరసలో కూర్చున్నాను. ఆ తర్వాత ఎంతమంది ఫోన్ పక్కన పెట్టుకుని ఎదురుచూశారో నాకు తెలియదు. నాకు మాత్రం డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

టీచరుగారు ప్రతి క్రిస్మస్‌కీ స్టీలు డబ్బాలో గులాబీ పువ్వులు, అరిసెలు వండి పంపిస్తుంది. డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, పంచదార పోసి ఇస్తాను. వాటిని నేను తింటాను. ఏ ముఖంతో తింటానని అడక్కండి, తింటాను.

ఇప్పుడు మళ్ళీ అలాంటి పని మొదలవుతోంది. ఫోన్లు చేసే పిల్లలకు శిక్షణ ఇచ్చేది నేనే. పోయిన నెల, కాగితం ఎలా నింపాలో చూపించడానికి పాత ఫైళ్ళ నుంచి నమూనాలు తీసి పంచారు. ఎవరి కాగితమో తెలియకుండా నంబరు మీద నల్లరంగు పూశారు గానీ నా చేతిరాత నాకు తెలియదా? ఆరు నిమిషాలు. ఏడు. ఐదు. ఆరు. నిజంగా చేసిన ఫోన్ల కాగితాలు అలా ఉండవు. వాటిలో కొట్టివేతలుంటాయి, ఎత్తలేదు మళ్ళీ చేశాను అని పక్కన ఇరికించిన రాతలుంటాయి. ఈ నాలుగింటిలో ఒక్క మరక లేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను. పిల్లలు తలలు వంచి నా అబద్ధాన్ని చూసి నేర్చుకుంటున్నారు. రేపు వాళ్ళ ఫోన్ల అవతల ఇంకెవరో ఉంటారు.

ఆ రోజు శిక్షణ అక్కడే ఆపేశాను. ఏ కాగితాలు, ఏ తేదీలు, ఏం చేశానో రాసి, నిన్న పరిశోధన పెద్దలకు ఇచ్చాను. వాళ్ళు ఏం చేస్తారో చెయ్యనివ్వండి.

మిగిలింది టీచరుగారు. ఆమెకున్న ఒక్క ఆదరణనూ లాక్కోవడం దేనికని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది దయ కాదు, నా పిరికితనానికి తొడిగిన మంచి చీర. ఈ శనివారం వెళ్తున్నాను. ఇది అచ్చు కావడానికి ఇచ్చేది ఆమెకు చెప్పాకే. మీ చేతికి వచ్చిందంటే చెప్పేశానని అర్థం. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమిస్తుందేమో, వాళ్ళకు అది అలవాటు, ఆ అలవాటును వాడుకోవడం కూడా దొంగతనమే.

ఇంతవరకు రాశాక ఛాతీలో ఏదో కాస్త సడలింది. అంతకు మించి ఏమీ లేదు. ఆ నాలుగు గురువారాలు రాజరత్నం గారు ఎలా ఉన్నారో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. ఇక ఎవరికీ తెలియదు. బాగున్నారని రాసింది నేనే.