ఊలుతో కట్టేసిన చేతులు

మా చెల్లెలి మొగుడు జీవితమంతా సిటీ బస్సు నడిపాడు. అతను మలుపు తిప్పితే నిలబడ్డ ప్రయాణికుడి చేతిలో టీ ఒలికేది కాదు; చల్లారేది కూడా కాదని నేనంటాను, నమ్మితే నమ్మండి. రిటైరైన మర్నాడే ఫ్లయింగ్ క్లబ్బులో చేరాడు. ఒక్కసారైనా ఒంటరిగా ఎగరాలి, అదే కోరిక.

చిక్కంతా నేల మీదే. ఇంజన్ జోరందుకోగానే ఆ చిన్న విమానం ముక్కు ఎడమకి లాగుతుంది. కుడికాలి పెడల్ తొక్కి సరిచేయాలి. చేతిలో చక్రం ఎంత తిప్పినా నేల మీద దారి మారదు. ఆ సంగతి మా బావ బుర్రకి తెలుసు, చేతులకి తెలియదు. ముక్కు జరగడం ఆలస్యం, చక్రాన్ని బస్సు స్టీరింగులా గిరగిరా తిప్పేవాడు. చివరికి ఓ రోజు విమానం రన్‌వే దాటి, అంచున దీపమొకటి విరగ్గొట్టి, గడ్డిలో ఆగింది. బస్టాపనుకుని పొదల్లోంచి కుందేళ్లొచ్చి వరసలో నిలబడ్డాయి.

నేర్పే అమ్మాయి, మనవరాలి వయసుది, మొహమాటపడలేదు. "అంకుల్, ఆదివారం ఇంకొక్కసారి చూస్తాను. మళ్ళీ పక్కకి పోతే పాఠాలు బంద్. నా ప్రాణం నాకు తీపి."

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. నేను ఊరుకుంటానా?

"ఆ బస్సుకే రెక్కలు కట్టించుకోరాదూ బావా!"

"ముందు నీ నోటికి బ్రేకులు వేయించుకో బావా."

స్వెటర్ అల్లుతున్న మా చెల్లెలు విసుక్కుంది. "చాల్లే అన్నయ్యా. ఏమండీ, చేతులిలా చాపండి." ఊలు చుట్టను అతని రెండు చేతులకీ తగిలించి, కొస లాగి ఉండ చుట్టసాగింది. కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టింది. "అన్నయ్య అరిస్తే కాళ్లే కదపండి. చేతులు కదిపి చిక్కుపడిందో, విడదీసేది మీరే."

చిన్నప్పుడు కాన్వెంటులో మాతో డ్రిల్లు చేయించిన సిస్టర్ గొంతు అరువు తెచ్చుకుని నేను "ముక్కు ఎడమకి!" అని అరిచేవాణ్ణి. మొదట్లో చేతులే ఎగిరేవి. చిక్కులు విప్పుకుంటూ నన్ను తిట్టేవాడు. శనివారానికి ఊలుండలు గుమ్మడికాయలంతయ్యాయి, కాళ్లు మాట వినడం మొదలెట్టాయి.

ఆదివారం కంచె ఇవతల నిలబడ్డాం. ఇంజన్ హోరెత్తింది. విమానం పరుగందుకుంది. ముక్కు ఎడమకి జరిగింది. చెల్లెలు నా చెయ్యి గిల్లి పట్టుకుని కళ్లు మూసుకుంది.

"గడ్డిలోకేనా అన్నయ్యా?"

ముక్కు తడబడింది. మెల్లగా వెనక్కొచ్చి తెల్లగీత మీద నిలిచింది.

"కళ్లు తెరవ్వే పిచ్చిదానా! లేచాడు!"

దిగాక ఆ అమ్మాయి, "బుధవారం రండి అంకుల్. ఇక పక్కగాలితో కుస్తీ," అంది. ఒంటరిగా ఎగరడం ఇంకా దూరమే. అయినా పాఠం ఆగలేదు.

మా బావ కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు. నా కాళ్లింకా విమానం పెడళ్ల మీదే ఉన్నాయి."

ఎవరికీ స్టీరింగివ్వని ఆ మనిషి వెనకసీట్లో పెళ్లాం పక్కన కూర్చుని, ఇల్లు చేరేదాకా నా డ్రైవింగుని దుమ్మెత్తిపోశాడు.