ప్రొహిబిటెడ్ అని ఆఖర్న చెప్పే తాత

ఎమ్మిగనూరులో మా వీధి అర్జీల తాత సోమవారం పొద్దున పోయాడు. నేను ఆదోని మార్కెట్లో పత్తి మూటలు మోస్తుంటే చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అందుకే ఫోన్లో రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

ఆఫీసుల నుంచి ఇంగ్లీషు కాగితం వస్తే అందరూ తాత దగ్గరికే వచ్చేవాళ్లు. తాత చదివి చెప్పి, తిరిగి అర్జీ రాసిచ్చేవాడు. ఆ ఇంగ్లీషు మాటలు మా చిన్నాన్న కూతురికి, అంటే నా చెల్లెలికి, నేర్పేవాడు. అది తొమ్మిదో తరగతి. నేను ఆరుతో మానేశాను.

"రిజెక్టెడ్ అంటే ఈ కాగితం వద్దన్యారు, ఇంగోటి రాయొచ్చు తల్లీ. ప్రొహిబిటెడ్ అంటే అసలు సెయ్యనే గూడదని."

నేను గోడ అవతల నిలబడి వినేవాణ్ణి. కడుపు మండేది. నన్ను ఒక్కసారి పిలిస్తే ఏం?

ఒకరోజు తాత స్నానానికి పోయినప్పుడు గోనెగండ్ల నుంచి ఒక రైతు తన చేను గురించి ఆఫీసు కాగితం పట్టుకుని వచ్చాడు. నాకూ వచ్చని చూపించాలని కాగితం లాక్కుని వీధంతా వినబడేలా చదివాను. "ప్రొహిబిటెడ్! నీ సేను అమ్మేకి లేదు!" కూతురి పెళ్లికి అమ్ముకోవాలనుకున్న చేను. ఆయన నేల మీద కూలబడ్డాడు.

తాత తడి తలతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిరా, నోరా అది? ముందు ఆయప్పను కూసోబెట్టాల. నీళ్లియ్యాల. పిల్లోళ్లెంతమందని అడగాల. ఆ మాట ఆఖర్న సెప్పాలరా గాడిదా, అదీ మెల్లగ!"

నా చెల్లెలు చూస్తుండగా తిట్టాడు. ఆ తర్వాత రెండు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. రమ్మని రెండుసార్లు కబురు పంపినా పోలేదు. ఇప్పుడు పోదామన్నా తాత లేడు.

దినం అయ్యాక తాత గడప మీద చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉంది. నేనూ కూర్చున్నాను.

"నన్ను ఒక్క తూరి గూడ తిట్లేదన్నా," అంది. "బాగ సదివితివి తల్లీ అనేటోడు, అంతే. ఒగరికి ఆ మాట ఎట్ల సెప్పల్లో నీకే సెప్పినాడు. నువ్వు రాకపోతే దినామూ గోడకాడికి సూసేటోడు."

దాని మొహంలో కుళ్లు కనబడింది. అచ్చం నాదే.

"ఎట్ల తిట్నాడో ఇంగోసారి సెప్పన్నా."

చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. తలుపుకు తాళం వేసుంది. గాడిదా అన్న దగ్గర మాత్రం అది ప్రతిసారీ కళ్లు మూసుకుంటోంది.