ముందు మీరు అడగండి

ఆ రోజు నేను చేసిన తప్పు, ఒక అవ్వ అడిగిన ప్రశ్నను మింగేయడం.

డెబ్బైల చివర్లో ఫిలిప్పీన్స్ నుంచి ఒక సామాజిక శాస్త్రాల టీచరమ్మ కరువును గురించి తెలుసుకోవడానికి చిలమత్తూరు పక్క పల్లెకు వచ్చింది. కాలేజీలో అదే పాఠం చెప్పే నేను ఆమెకు దుబాసీని. ఎవరి ముందు కూర్చున్నా ఆవిడ, "ముందు మీరు నన్ను అడగండి" అనేది. తమ దేశంలో పరిశోధన అట్లా మొదలుపెడుతున్నారట. నాకు నవ్వొచ్చింది. అడిగే హక్కు డిగ్రీ ఉన్నవాళ్లదేనని కదా నేను పిల్లలకు నేర్పింది!

గొర్రెలు కాసే అవ్వ మొహమాటపడలేదు. "మా కరువు రాసుకోని పోతావు గదమ్మా, దాంతో మాకేమొస్తాది?"

"మీరు వచ్చినందుకు సంతోషమట" అన్నాను ఇంగ్లీషులో. టీచరమ్మ మురిసిపోయి అవ్వకు చేతులు జోడించింది.

"ఏమప్పా, నేనడిగిందేమి, ఈయమ్మ దండం పెడతాండాదేమి?" అని అవ్వ విసురుగా లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి, నా అబద్ధాన్ని రెండు భాషల్లోనూ ఒప్పుకున్నాను. టీచరమ్మ అవ్వవైపు తిరిగి, "ఏమొస్తుందో నాకూ తెలియదు. ఏం రావాలో మీరే చెప్పండి" అంది. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

"చెప్తా గానీ తల్లీ, ఈ చదువుకున్న గాడిదను నమ్మొచ్చునా?" అంది అవ్వ.

గాడిదతో సహా ఇంగ్లీషులో చెప్పాను.