మధ్యధారలో చివరి చీటీ

నది ఆరోగ్యాన్ని కొలిచే సర్వేలకు పథకం వేయడం ఆమె ఉద్యోగం. పదిహేనేళ్లుగా నమూనాలు తీయించినది పడవ సులువుగా ఆగే పదిహేను రేవుల్లోనే. అక్కడి బురదలో నత్తలు, పురుగులు పుష్కలం. అవి బతికితే నీరు మంచిదని లెక్క, కనుక ప్రతి నివేదికా 'నది బాగుంది' అనే ముగిసేది.

ఒక మధ్యాహ్నం గోడమీది పటం చూస్తూ ఉండగా, ఇన్నేళ్లూ తాను చూసినదంతా చూడదలచుకున్నదేనేమో అన్న సందేహం ఆమెకు కలిగింది. పదిహేనేళ్లు ఆలస్యమైన సందేహాన్ని మెచ్చుకోవడానికి తొందరేమీ లేదు, అయినా వచ్చింది. పటంలోని నదిని ఒడ్డు నుంచి ఒడ్డుదాకా గళ్లుగా విడగొట్టి, గడికొక చీటీ రాసి, డబ్బాలో వేసి నలభై తీసింది. చీటీ పడిన చోటును ఎవరూ జరపరాదని నియమం పెట్టింది. నాటినుంచి ఆఫీసులో ఆమె పేరు చీటీలక్క.

మధ్యధారలో పడిన చీటీలు ఏడు. ఆరుచోట్ల ఒక్క ప్రాణీ దొరకలేదు. ఏడోదీ అంతే అయితే, ఆమె పదిహేనేళ్ల మాట తప్పవుతుంది.

ఏడోచోటికి వెళ్లిన ఉదయం పొగమంచు రెండు ఒడ్డులనూ మింగేసింది. పడవ నీటిమీద ఉన్నదో, తెల్లదనంలో వేలాడుతున్నదో తెలియదు. నడిపేది ఆమె మరిది.

"వదినా, కాస్త ఒడ్డుకేసి పోనీనా? అక్కడ నత్తలు పెళ్లికొచ్చినట్టు గుంపుగా ఉంటాయి."

"చీటీ ఎక్కడ పడితే అక్కడే."

"ఎవరు చూడొచ్చారు? ఈ మంచులో నా ముక్కే నాకు కనబడటం లేదు!"

"నీ ముక్కు ఎండలోనూ కనబడదులే. తాడు వదులు."

బురదను పట్టితెచ్చే ఇనుప దవడలు నీటిలో మునిగాయి. తాడు జారుతూనే ఉంది. తాను ఇన్నాళ్లూ వర్ణించిన నది కింద, పరిచయమే లేని మరో నది నిశ్శబ్దంగా సాగిపోతున్నట్టు ఆమెకు తోచింది. పైకి వచ్చినదాన్ని జల్లెడలో కడిగితే బూడిదరంగు ఇసుక మిగిలింది. అందులో ఏదీ కదలలేదు.

"ఇంకోసారి వేద్దామా?" ఈసారి మరిది గొంతులో వేళాకోళం లేదు.

"చోటుకు మూడుసార్లు వేయాలని పథకంలో రాశాం. మూడే వేద్దాం."

మూడోసారీ ఇసుకే. ఆమె కాగితంమీద సున్నా చుట్టింది, నెమ్మదిగా, అంచులు కలిసేదాకా.

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్లమీద పై అధికారులకు ఉత్తరం రాసింది: 'నా పాత నివేదికల్లోని "బాగుంది" అన్న మాట ఆ పదిహేను రేవులకే చెల్లుతుంది. నదికి చెల్లదు.'

మరిది భుజం మీదుగా తొంగిచూశాడు.

"నీ వేలితో నీ కన్నే పొడుచుకుంటున్నావు వదినా. మెడపట్టి గెంటుతారు."

"గెంటితే నీ పడవలో తాడు పట్టే పని ఇవ్వవా?"

"ఇస్తా. కానీ నువ్వు ఆపమన్నచోట మాత్రం ఆపను."

ఆమె నవ్వింది. నవ్వు ఆగాక సంతకం చేసింది.